లాగౌట్ నొక్కినా పోని కుకీ: అనంతపురం చీనీ మండీలో ఒక కేసు

ఫిర్యాదులు రెండు వచ్చాయి. లాగౌట్ నొక్కినా ప్రోగ్రాం ఒక్కోసారి బయటికి పోవడం లేదని గుమాస్తాలు అన్నారు. సాయంత్రం మనిషివారీగా క్యాష్ టాలీ కావడం లేదని యజమాని అన్నాడు. మొదటిది చిన్న చికాకని, రెండోది పెద్ద అనుమానమని అందరూ అనుకున్నారు. రెండింటికీ మూలం ఒక్కటే: బ్రౌజర్‌లో చెరిగిపోయిందనుకున్న ఒక కుకీ, అంటే మనల్ని గుర్తుపట్టడానికి సైటు బ్రౌజర్‌లో దాచే చిన్న చీటీ, చెరగలేదు.

ఇది అనంతపురం మార్కెట్ యార్డులో ఒక చీనీ (బత్తాయి) కమీషన్ మండీ. రైతులు తెచ్చిన కాయను కుప్పలు పోసి వేలం వేస్తారు, ధర టన్ను లెక్కన పలుకుతుంది. తూకం అయ్యాక రైతు చేతికి పట్టీ వస్తుంది. కమీషన్, హమాలీ, ముందు తీసుకున్న అడ్వాన్సు పోను మిగిలింది ఎంతో అందులో ఉంటుంది. ఆ పట్టీలన్నీ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక వెబ్ ప్రోగ్రాం మీదే నడుస్తాయి. కౌంటర్లో కంప్యూటర్ ఒకటే, కూర్చునే గుమాస్తాలు ముగ్గురు. ఎవరి లాగిన్ వారిది, ఎవరి డ్రాయర్‌లో డబ్బుకు వారే జవాబుదారీ.

పెద్ద గుమాస్తా అన్నానికి పోతూ లాగౌట్ నొక్కి లేస్తాడు. చిన్నవాడు వచ్చి కూర్చుంటాడు. పట్టీ పేజీ తెరిస్తే పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా లోపలికి పోతుంది. బయట నార్పల రైతు ఒకరు, గార్లదిన్నె రైతు ఒకరు డబ్బు కోసం నిలబడి ఉంటే పాస్‌వర్డ్ ఎందుకు అడగలేదా అని ఎవరు ఆలోచిస్తారు? పై మూలన చిన్న అక్షరాల్లో ఉన్న పేరు తనది కాదని చూసే తీరికా ఉండదు. డబ్బు చిన్నవాడి డ్రాయర్ నుంచి పోతుంది, పట్టీ పెద్దాయన పేరు మీద పడుతుంది. సాయంత్రానికి ఒకరి దగ్గర తగ్గుదల, ఇంకొకరి దగ్గర మిగులు.

ప్రోగ్రాం చూడమని యజమాని నన్ను పిలిచి సూటిగా అడిగాడు: "ఏమప్పా, పిల్లోడు తింటాండాడా, కంప్యూటరు తింటాందా, ఏదో ఒకటి తేల్చి చెప్పు."

నేను ముందు కోడ్ తెరవలేదు, క్యాష్ పుస్తకం అడిగాను. ముగ్గురి డ్రాయర్లు కలిపితే లెక్క రూపాయి తేడా లేకుండా సరిపోతోంది. విడివిడిగా చూస్తేనే కుదరడం లేదు. దొంగతనమైతే మొత్తమే తగ్గాలి. కాబట్టి డబ్బు ఎక్కడికీ పోలేదు, పేరు మాత్రం మారుతోంది. ఆ మాట అక్కడికక్కడే చెప్పేశాను. అప్పటిదాకా కుర్రవాడు తలెత్తి మాట్లాడలేదు. పెద్ద గుమాస్తా మాత్రం "లాగౌట్ నొక్కినాకే లేసినా సార్, ఒట్టు" అని పదేపదే అన్నాడు. నిజంగానే నొక్కాడు.

ఇంకో చిక్కుంది. ఈ లాగౌట్ సమస్యను అప్పటికే ఒకసారి "సరిచేశారు". ముందు చూసిన ప్రోగ్రామర్ కోడ్ మార్చి, తన ల్యాప్‌టాప్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీలో పరీక్షించి, బాగుందని చెప్పి వెళ్ళాడు. అతని ల్యాప్‌టాప్‌లో నిజంగానే బాగుంది. ఇన్‌కాగ్నిటో కిటికీ పాత కుకీలు ఏవీ లేకుండా మొదలవుతుంది. జబ్బు ఉన్నదేమో మండీ కంప్యూటర్‌లోని పాత కుకీలో.

ఇక్కడ కుకీ చెరపడం అంటే ఏమిటో కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది దాన్ని ఫైల్ డిలీట్ చేయడంలా ఊహించుకుంటారు. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతైన హెచ్‌టీటీపీలో ఫలానా కుకీ ఒక్కదాన్ని డిలీట్ చేయమనే ఆజ్ఞ లేదు. దానికి సర్వర్ చేయగలిగింది ఒక్కటే: సెట్-కుకీ హెడర్ (పేజీకి ముందు పోయే సూచన) పంపడం. చెరపాలంటే అదే కుకీని మళ్ళీ రాస్తున్నట్టు పంపి, గడువు మాత్రం ఎప్పుడో అయిపోయినట్టు చెప్పాలి. ఎక్స్‌పైర్స్‌లో 1970 జనవరి 1 లాంటి పాత తేదీ పెట్టాలి, లేదా మ్యాక్స్-ఏజ్ (ఇంకా ఎన్ని సెకన్లు ఉండాలో) సున్నా అనాలి. రెండూ ఉంటే మ్యాక్స్-ఏజ్ మాటే చెల్లుతుంది. గడువు తీరిన కుకీ వచ్చిందని చూసి బ్రౌజర్ తన దగ్గరున్నదాన్ని తీసేస్తుంది. పీహెచ్‌పీలో సెట్‌కుకీ ఫంక్షన్‌కు ఖాళీ విలువ ఇస్తే అది విలువను "డిలీటెడ్" అని రాసి, 1970 తేదీ, మ్యాక్స్-ఏజ్ సున్నా రెండూ తనే పెట్టి పంపుతుంది.

కానీ "అదే కుకీ" అని బ్రౌజర్ దేన్ని అనుకుంటుంది? 2011 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6265 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దీన్ని తేల్చి చెప్పింది. పేరు, డొమైన్ (సైటు చిరునామా), పాత్ (ఆ సైటులో ఏ ఫోల్డర్‌కు వర్తిస్తుందో) మూడూ కలిస్తేనే అదే కుకీ. ఒక్కటి తేడా వచ్చినా అది వేరే కుకీ. యజమానికి ఇలా చెప్పాను: మన ఖాతా పుస్తకంలో నార్పల రామాంజి ఒకరు, గార్లదిన్నె రామాంజి ఇంకొకరు ఉన్నారనుకోండి, గార్లదిన్నె ఆయన బాకీ కొట్టేస్తే నార్పల ఆయన బాకీ పోతుందా? ఆయనకు వెంటనే అర్థమైంది.

ప్రోగ్రామర్‌కు దీనికంటే ఇబ్బంది పెట్టేది ఇంకొకటి ఉంది. బ్రౌజర్ కుకీని తిరిగి పంపేటప్పుడు పేరు, విలువ మాత్రమే పంపుతుంది. దాని పాత్ ఏమిటో, డొమైన్ ఏమిటో, గడువు ఎంతో చెప్పదు. అంటే తను ఏ పాత్‌తో రాసిందో సర్వర్‌కు గుర్తుండేది తన సొంత కోడ్‌లోనే. కోడ్ ఇద్దరు ముగ్గురి చేతులు మారితే ఆ గుర్తు పోయినట్టే.

మండీ ప్రోగ్రాం కథ ఇదే. మొదట రాసినప్పుడు అంతా పట్టీ అనే ఒకే ఫోల్డర్‌లో ఉండేది. రోజూ పాస్‌వర్డ్ కొట్టడం విసుగని "నన్ను గుర్తుంచుకో" టిక్కు పెట్టించుకున్నారు. లాగిన్ పేజీ ముప్పై రోజుల గడువుతో ఒక టోకెన్ (పాస్‌వర్డ్ బదులు చూపే గుర్తు) కుకీ రాసేది, పాత్ ఇవ్వకుండా. పాత్ ఇవ్వకపోతే సైటంతటికీ వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ పేజీ ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ ఫోల్డర్‌నే బ్రౌజర్ పాత్‌గా తీసుకుంటుంది. కాబట్టి కుకీ పాత్ స్లాష్ పట్టీ (/పట్టీ) అయింది. అదే ఫోల్డర్‌లో ఉన్న లాగౌట్ కూడా పాత్ లేకుండానే చెరిపేది, అది కూడా స్లాష్ పట్టీకే పోయేది. తెలియకుండానే రెండూ కుదిరాయి. ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ రాలేదు.

తర్వాత ఎవరో రైతుల అడ్వాన్సు ఖాతాల కోసం కొత్త భాగం చేర్చి, లాగిన్ తప్ప మిగతా ఉమ్మడి పేజీలను ఖాతా అనే ఇంకో ఫోల్డర్‌కు మార్చారు. లాగౌట్ అక్కడికి పోయింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, చోటు మాత్రం మారింది. ఇప్పుడు లాగౌట్ చెరిపేది స్లాష్ ఖాతా పాత్‌లోని కుకీని, అది అసలు లేనే లేదు. పైగా ఆ కోడ్ "కుకీ వచ్చి ఉంటేనే చెరుపు" అని రాసి ఉంది. స్లాష్ పట్టీ కుకీని బ్రౌజర్ ఖాతా ఫోల్డర్ పేజీలకు పంపదు కాబట్టి ఆ షరతు ఎప్పుడూ నెరవేరదు. చెరిపే హెడర్ పోవడమే మానేసింది. సెషన్ (ఎవరు లోపల ఉన్నారో సర్వర్ రాసుకున్న గుర్తు) నాశనమై లాగిన్ పేజీకి పోగానే అక్కడ టోకెన్ కనబడేది, పాత మనిషి మళ్ళీ లోపలికి వచ్చేవాడు.

ముందు ప్రోగ్రామర్ దీన్ని పట్టుకున్నాడు, అంతవరకు మెచ్చుకోవాలి. లాగిన్‌లోనూ లాగౌట్‌లోనూ పాత్ ఒట్టి స్లాష్ అని, అంటే సైటంతటికీ అని పెట్టాడు. ఇకమీదట రాసే కుకీలకు అది సరైన పనే. కానీ అప్పటికే మండీ కంప్యూటర్‌లో ఉన్న పాత కుకీ సంగతి అతనికి తట్టలేదు.

ఆ కంప్యూటర్ మీదే కూర్చుని ఎఫ్12 నొక్కి, అప్లికేషన్ ట్యాబ్‌లో కుకీల పట్టిక తెరిచాను. ఒకే పేరుతో రెండు వరసలు. పాత్ గడిలో ఒకదానికి ఒట్టి స్లాష్, రెండోదానికి స్లాష్ పట్టీ. లాగౌట్ నొక్కాను. నెట్‌వర్క్ ట్యాబ్‌లో లాగౌట్ జవాబు చూస్తే చెరిపే హెడర్ చక్కగానే వచ్చింది, పాత్ స్లాష్, మ్యాక్స్-ఏజ్ సున్నా. లాగిన్ పేజీకి మళ్ళించగానే పట్టికలో మళ్ళీ రెండు వరసలు! ఒకటి పోయి, తిరిగి పుట్టింది. ఎలాగంటే, లాగిన్ పేజీకి స్లాష్ పట్టీ కుకీ అందింది, టోకెన్ చెల్లుతోంది కాబట్టి పెద్ద గుమాస్తాను లోపలికి తీసుకుంది, గడువు పొడిగించాలి కాబట్టి కొత్త కుకీని ఒట్టి స్లాష్‌తో రాసేసింది. ఇదంతా కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది, చూసేవారికి లాగౌట్ బటన్ పనిచేయనట్టు అనిపిస్తుంది.

(ఈ పట్టిక చూసేటప్పుడు పట్టీ ఫోల్డర్ పేజీలోనే ఉండి చూడాలి. వేరే ఫోల్డర్ పేజీలో ఉంటే స్లాష్ పట్టీ వరస కనబడకపోవచ్చు, "కుకీ పోయిందే" అని మోసపోతాం.)

రెండు కుకీలూ ఉన్నప్పుడు ఏది చెల్లుతుంది? పొడుగు పాత్ ఉన్నదాన్ని బ్రౌజర్ ముందు పంపుతుంది. ఒకే పేరు రెండుసార్లు వస్తే పీహెచ్‌పీ మొదటిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. అంటే పాతదే గెలుస్తుంది. చిన్నవాడు మధ్యలో తన పాస్‌వర్డ్‌తో సరిగ్గానే లాగిన్ అయినా, సెషన్ తీరిపోయి టోకెన్ వాడాల్సి వచ్చినప్పుడు పెద్దాయన పేరే పైకి వచ్చేది. రోజంతా కాకుండా అప్పుడప్పుడూ మాత్రమే తప్పు పడటానికి కారణం అదే. ఎప్పుడూ వచ్చే తప్పును పట్టడం సులువు. అప్పుడప్పుడూ వచ్చేదే మనుషుల మీదికి అనుమానం తెస్తుంది.

ఏమీ చేయకపోయినా ఆ పాత కుకీ దాని ముప్పై రోజులు తీరగానే తనంతట తనే పోయేది. ఆ మాట కూడా చెప్పాను. కాయ దండిగా వచ్చే రోజుల్లో నెల ఆగమంటే ఎవరు ఆగుతారు?

ఇక మందు. నా మాట ఒకటే: కుకీ చెరపడం లాగౌట్ కాదు. లాగౌట్ జరగాల్సింది సర్వర్‌లో. బ్రౌజర్ మన చేతిలో లేని పరికరం, మనం పంపే హెడర్ ఒక విన్నపం మాత్రమే. అందుకని మొదట సర్వర్‌లోని టోకెన్ల పట్టికలో ఆ మనిషికి ఉన్న వరసలన్నీ తీసేసేలా రాశాను. టోకెన్ విలువ చూసి కాదు, యూజర్ నంబర్ చూసి. లాగౌట్ పేజీకి ఆ టోకెన్ అందకపోవచ్చని పైన చూశాం కదా. ఇది సెషన్‌ను నాశనం చేయకముందే జరగాలి, తర్వాతైతే ఆ నంబరే మన చేతిలో ఉండదు. దీనివల్ల ఫోన్‌లో కూడా లాగౌట్ అవుతుంది. గుమాస్తాలకు అది నష్టం కాదు, మంచిదే అన్నాడు యజమాని. ఇది ఒక్కటి చేస్తే చాలు, పాత కుకీ బ్రౌజర్‌లో ఉన్నా చచ్చిన టోకెనే. మిగిలినదంతా ఇల్లు సర్దుకోవడం.

ఆ సర్దడం కూడా చేశాను. కుకీ పేరు మార్చాను, ఈసారి పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు, హోస్ట్ అనే మాట, ఒక హైఫన్ తగిలించాను. ఈ ముందుమాట ఉన్న కుకీకి సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్ మీదే పంపమనే గుర్తు) ఉండాలి, పాత్ ఒట్టి స్లాష్ కావాలి, డొమైన్ ఇవ్వకూడదు. ఏది తప్పినా బ్రౌజర్ కుకీని ఒప్పుకోదు. ఒక హోస్ట్‌కు ఆ పేరుతో రెండు కుకీలు ఉండే వీలే లేదు కాబట్టి ఈ కేసులోని గందరగోళం మొత్తం పుట్టుకలోనే ఆగిపోతుంది. చాలామందికి తెలియనిది ఒకటుంది. చెరిపేటప్పుడు కూడా ఆ షరతులన్నీ పాటించాలి. సెక్యూర్ లేకుండా చెరిపే హెడర్ పంపితే బ్రౌజర్ ఆ హెడర్‌నే పారేస్తుంది, కుకీ అలాగే ఉంటుంది. సేమ్‌సైట్ నన్ (వేరే సైట్ల నుంచి వచ్చే అభ్యర్థనలకూ పంపమని) అని పెట్టిన కుకీల్లోనూ సెక్యూర్ మరిచిపోతే ఇదే గతి.

రాయడానికి, చెరపడానికి ఒకే ఫంక్షన్ పెట్టాను. పీహెచ్‌పీ 7.3 నుంచి సెట్‌కుకీకి ఐచ్ఛికాలన్నీ ఒకే అరే (జాబితా)గా ఇవ్వొచ్చు. ఆ అరే ఒక్కచోటే ఉంటుంది, రెండు పనులూ దాన్నే వాడుకుంటాయి, గడువు ఒక్కటే మారుతుంది. ఎవరైనా రేపు ఫోల్డర్లు అటూ ఇటూ మార్చినా ఇబ్బంది లేదు.

పాత పేరు కుకీ కోసం లాగిన్ పేజీ రెండు చెరిపే హెడర్లు పంపుతుంది, ఒకటి స్లాష్ పట్టీకి, ఒకటి ఒట్టి స్లాష్‌కు. చివర ఇంకో స్లాష్ తగిలితే, అంటే స్లాష్ పట్టీ స్లాష్ అయితే, అది మళ్ళీ వేరే కుకీయే. పాత్ ఇవ్వనప్పుడు బ్రౌజర్ పెట్టుకునే పాత్‌కు చివర స్లాష్ ఉండదు, అలాగే రాయాలి. ఇక్కడ పీహెచ్‌పీ మేలు, రెండుసార్లు పిలిస్తే రెండు హెడర్లూ పంపుతుంది. జాంగో అనే పైథాన్ చట్రంలో ఇదే పని డిలీట్ కుకీని రెండుసార్లు పిలిచి చేద్దామంటే కుదరదు. అది జవాబులోని కుకీలను పేరు మీదనే దాచుకుంటుంది, రెండోసారి పిలిస్తే మొదటిది పోతుంది. జావా సర్వ్‌లెట్లలో ఇంకో గుంట ఉంది: మ్యాక్స్-ఏజ్‌కు సున్నా ఇస్తే చెరుగుతుంది, మైనస్ ఒకటి ఇస్తే చెరగదు, బ్రౌజర్ మూసేదాకా ఉండే కుకీ అవుతుంది. జావాస్క్రిప్ట్ చట్రమైన ఎక్స్‌ప్రెస్‌లో క్లియర్ కుకీకి రాసినప్పటి పాత్, డొమైన్‌లే మళ్ళీ ఇవ్వాలి. భాష ఏదైనా రోగం ఒకటే.

పనిలో పనిగా సెషన్ కుకీ కూడా చూశాను. ధరలు చూపే పేజీ సబ్‌డొమైన్‌లో (అదే డొమైన్ కింద ఇంకో చిరునామాలో) ఉందని, దానికీ పనికొస్తుందని సెషన్ కుకీకి డొమైన్ ఇచ్చి ఉన్నారు. చెరిపేటప్పుడు ఇవ్వలేదు. డొమైన్ ఇచ్చిన కుకీ, ఇవ్వని కుకీ రెండూ వేర్వేరు. సెషన్ డిస్ట్రాయ్ అనేది సర్వర్‌లోని డేటాను తీసేస్తుంది తప్ప కుకీ జోలికి పోదు. అలా కుకీలో మిగిలిన సెషన్ ఐడీనే తర్వాతి మనిషి లాగిన్‌కూ పీహెచ్‌పీ వాడుకోవచ్చు. సెషన్ కుకీ పారామీటర్లను పీహెచ్‌పీనే అడిగి తెచ్చుకుని వాటితోనే చెరిపేలా మార్చి, లాగిన్ అయినప్పుడు ఐడీ కొత్తది పుట్టేలా చేశాను. తను పుట్టించని ఐడీని పీహెచ్‌పీ ఒప్పుకోకుండా స్ట్రిక్ట్ మోడ్ కూడా వేశాను. బ్రౌజర్ మూసేస్తే సెషన్ కుకీ ఎలాగూ పోతుందిలే అనేవారికి ఒక మాట: క్రోమ్‌లో "ఆపిన చోట నుంచి మొదలుపెట్టు" అనే సెట్టింగ్ వేసి ఉంటే మూసి తెరిచినా అవి తిరిగొస్తాయి. మండీ కంప్యూటర్‌లో అది వేసే ఉంది.

సర్వర్‌లో పెట్టాక ఒక చిన్న అడ్డు. నా దగ్గర చెరిగే కుకీ అక్కడ చెరగలేదు, చెరిపే హెడరే పోవడం లేదు. ఎర్రర్ లాగ్‌లో "హెడర్లు ఇప్పటికే పోయాయి" అన్న హెచ్చరిక ఉంది. కాన్ఫిగ్ ఫైల్‌ను ఎవరో నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేస్తే మొదట్లో బీఓఎం అనే, కంటికి కనబడని మూడు బైట్ల గుర్తు చేరింది. పేజీలో మొదటి బైటు బయటికి పోయాక ఇక హెడర్ పంపలేం. నా మెషీన్‌లో ఔట్‌పుట్ బఫరింగ్ (పేజీని పోగుచేసి ఆ తర్వాత పంపడం) ఉండటం వల్ల అది బయటపడలేదు, ఆ హోస్టింగ్‌లో బఫరింగ్ లేదు. బీఓఎం లేకుండా సేవ్ చేస్తే తీరిపోయింది. కోడ్‌లో కుకీ అరే నుంచి అన్‌సెట్ చేసి "చెరిపేశాం" అనుకున్న చోట్లు కూడా కొన్ని కనబడ్డాయి. అది ఆ ఒక్క అభ్యర్థన వరకే, బ్రౌజర్‌కు ఆ సంగతే తెలియదు.

క్లియర్-సైట్-డేటా హెడర్ ఒకటి పంపితే అన్ని పాత్‌ల కుకీలూ ఒకేసారి పోతాయి కదా అని ఒక మిత్రుడు అడిగాడు. పోతాయి. హెచ్‌టీటీపీఎస్ మీద, విలువను జంట కోట్లలో రాస్తే పనిచేస్తుంది. కానీ అది మూల డొమైన్ మొత్తం కుకీలను, సబ్‌డొమైన్లవి కూడా కలిపి ఊడ్చేస్తుంది. ఆ కంప్యూటర్‌లోనే ధరల పేజీకి వేరే లాగిన్ ఉంది, గుమాస్తా లేచిన ప్రతిసారీ దాన్ని కూడా పోగొడితే ఇంకో ఫిర్యాదు మొదలవుతుంది. అందుకే వాడలేదు.

పరీక్ష ఈసారి మండీ కంప్యూటర్‌లోనే, పాత కుకీలతోనే, ఇద్దరు గుమాస్తాలను పక్కన కూర్చోబెట్టుకుని చేశాం. ఒకరు లాగౌట్ అయి లేచాక ఇంకొకరు కూర్చుంటే పాస్‌వర్డ్ అడిగింది. లాగౌట్‌కు ముందు టోకెన్ విలువను విడిగా కాపీ చేసి పెట్టుకుని, తర్వాత దాన్నే మళ్ళీ కుకీగా పెట్టి చూశాను, లోపలికి పోనివ్వలేదు. అసలు పరీక్ష ఇది. పాత పట్టీల్లో పేరు తారుమారైనవాటిని డ్రాయర్ లెక్కలతో పోల్చి యజమానే కూర్చుని సరిచేయించాడు, కుర్రవాడి తగ్గుదల మొత్తం పెద్దాయన మిగులులో దొరికింది.

తర్వాత ఒక ఫోన్ వచ్చింది: లాగౌట్ అయ్యాక వెనక్కి బాణం నొక్కితే పాత పట్టీ కనబడుతోందట. కుకీకి దానితో సంబంధం లేదు, అది బ్రౌజర్ దాచుకున్న పేజీ. పట్టీ పేజీలకు, వాటిని దాచుకోవద్దని బ్రౌజర్‌కు చెప్పే క్యాష్-కంట్రోల్ నో-స్టోర్ హెడర్ పెట్టాను. ముప్పై రోజులు దాటాక పాత పేరు కుకీని చెరిపే రెండు లైన్లూ కోడ్ నుంచి తీసేశాను.